తలుపు పడని పెట్టె

గడచిన వేసవిలో మా పినతల్లి కుమార్తె యింట రెండు దినములుండుట తటస్థించినది. వారి ముందరి గదిలో బల్లమీద కుమారుని కంప్యూటరు కలదు. దాని కొక ప్రక్క అద్దపు పలక యుండవలసినది. అది తనచోట లేదు. తువాలు చుట్టి, బీరువా వెనుక దానిని నిలువబెట్టి యుంచిరి. పెట్టె నోరు తెఱచుకొని యుండగా లోపలి తీగలును, తిరుగుచున్న ఫ్యానులును బయటికి గనబడుచుండెను.

"అద్దము నేల తీసివేసితివే?" యని యడిగితిని.

"నేను తీయలేదక్కా. అది పడుటలేదు" అని నా చెల్లెలు నిట్టూర్చినది.

సంగతి యేమన, ఆ పిల్లవాడు ఇంజనీరింగు కళాశాలలో చదువుచు, కట్టడముల నమూనాలను కంప్యూటరుమీద గీయుచుండును. ఎండలు ముదిరినకొలది ఆ యంత్రము నడుమ నడుమ మందగించుచు, ఒక్కొకప్పుడు తనంతట తానే యాగిపోవుచు వచ్చినది. కళాశాలకు సమర్పింపవలసిన నమూనా యొకటి సగములో పోయినది. తెలిసినవారు "ప్రాసెసరు వేడెక్కుచున్నది, పెద్ద కూలరు వేయింపుడు" అనిరట. తల్లి తన చీటీ సొమ్ములోనుండి ఆరువేల రూపాయలు తీసి యిచ్చినది. కూలరు వచ్చినది, బిగింపబడినది, యంత్రము చల్లబడినది. తీరా అద్దము మూయబోగా, ఆ కూలరు పెట్టె యంచును దాటి చిటికెన వ్రేలి మందమున పైకి నిలిచియున్నది! అమ్మిన యంగడికి ఫోను చేసిరి. అట్టపెట్టె విప్పి, అడుగున పేస్టు పూసిన వస్తువును తిరిగి తీసికొనుట తమ పద్ధతి కాదని వారు చెప్పిరి. వారి మాటలో న్యాయము లేదనలేము.

అప్పటికి మూడు మాసములనుండి ఆ పెట్టె అట్లే బయలుగా నడచుచున్నది. వీధిధూళి యంతయు లోనికి బోయి బోర్డుమీద పొరగట్టినది. ఒకనాటి రాత్రి బల్లి యొకటి లోపల దూరగా దానిని వెడలగొట్టుటకు గంటసేపు పట్టినదట. ప్రక్కవాటాలోని పసివాడు తిరుగుచున్న ఫ్యానులో పెన్సిలు పెట్టబోవుట చూచి మా చెల్లెలికి గుండె యాగినంత పనియైనది. ఇంత జరిగినను ఇంటి యజమాని యనిన మాట యొక్కటే: "తల్లీకొడుకు లిద్దఱును కూడి నాకు జెప్పక కొంటిరి, అనుభవింపుడు."

నాకు వింత గొలిపినది మఱియొకటి. మా చెల్లెలు పదునెనిమిది సంవత్సరములనుండి యింట కుట్టుమిషను పెట్టుకొని వీధి యంతటికిని రవికెలు కుట్టుచున్న మనిషి. చేతిచుట్టు, చంకచుట్టు, వీపు పొడవు వ్రాసికొననిదే గుడ్డకు కత్తెర తాకింపదు. ఆమె మెడలోనే టేపు వ్రేలాడుచున్నది. ఆ టేపుతో ఆ పెట్టెను గొలిచినవారు మాత్రము లేరు. కూలరు వచ్చిన యట్టపెట్టెమీద ఎత్తు 160 మిల్లీమీటర్లని యచ్చుపడి యున్నది. క్యాబినెట్టుతో వచ్చిన కాగితములో 150 అని యున్నది. ఈ రెండంకెలను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచిన పాపాన నెవరును పోలేదు.

"ఇంత వెడల్పైన పెట్టె గదా పెద్దమ్మా, పట్టదని యెవరనుకొందురు?" అని పిల్లవాడనెను. ఆ మాటయే నాచే నీ వ్యాసమును వ్రాయించుచున్నది.

ముందుగా పేర్ల గందరగోళము తీర్చుకొందము. మన యిండ్లలో కూలరనగా వేసవిలో కిటికీ కడ నీళ్లు పోసి నడపు గడ్డిపలకల డబ్బా. ఈ వ్యాసములోని కూలరు అది కాదు. ఇందులో మనము నీళ్లు పోయు పని లేదు. అట్లే 'సీపీయూ' యనగా బల్లమీదనో బల్లక్రిందనో యుండు పెట్టె యంతయు నని మనలో ననేకుల వాడుక. అంగడివారు 'సీపీయూ కూలరు' అన్నపుడు వారి యుద్దేశ్యము ఆ పెట్టె కాదు. పెట్టెలోని మదర్‌బోర్డుమీద చదరముగా నుండు చిన్న బిళ్ల. దానినే ప్రాసెసరనియు నందురు. పెట్టెకు వారి వాడుకపేరు క్యాబినెట్టు. ఈ మూడు మాటలు తేటపడినచో అంగడిలో సగము పొరపాట్లు తప్పును.

ఆ చిన్న బిళ్లకు ఇంత ఆర్భాటమేల యని మీరడుగవచ్చును. 1981లో ఐ.బి.ఎమ్. వారు వెలువరించిన మొదటి పర్సనల్ కంప్యూటరులో ఇంటెల్ వారి 8088 అను ప్రాసెసరు కలదు. దాని నెత్తిన ఫ్యాను లేదు, లోహపు రెక్కలును లేవు. పెట్టెలోని గాలియే దానికి చాలినది. 1993లో పెంటియమ్ వచ్చిన తరువాత ప్రాసెసరుమీద ఫ్యాను కూర్చుండుట సామాన్యమయ్యెను. 2022లో వెలువడిన ఇంటెల్ కోర్ ఐ9-13900కె అనునది నిండుబలముతో పనిచేయునపుడు 253 వాట్ల వఱకు తీసికొనును. అనగా వెనుకటి 60 వాట్ల బల్బులు నాలుగు వెలిగించినంత. తీసికొనిన దంతయు దాదాపు వేడిగనే మాఱును. ఈ వేడి యంతయు పుట్టు బిళ్ల యెంత? పొడవు 45, వెడల్పు 37.5 మిల్లీమీటర్లు మాత్రమే. అగ్గిపెట్టెకంటె చిన్నది.

వేడి 100 డిగ్రీల సెంటిగ్రేడు చేరినచో ఆ ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికిని చల్లబడకున్న యంత్రము ఆగిపోవును. అది రోగము కాదు, ఆత్మరక్షణ. మా చెల్లెలి కుమారుని యంత్రము మందగించుటకు కారణ మిట్టిదే. మఱియొక మాట. ఎంతటి గాలి కూలరైనను ప్రాసెసరును గదిలోని గాలికంటె చల్లగా చేయజాలదు. మన యెండకాలమున గదియే 40 డిగ్రీలుండగా, చలిదేశములవారి లెక్కలు మనకు సరిపడవు. కావున పెద్ద కూలరు కావలెనని మనవారు తలచుటలో తప్పు లేదు. పెద్దది యెంత పెద్దదో చూచుకొనకపోవుటయే తప్పు.

కూలరు పనిచేయు తీరు తెలిసినచో అది యంత యెత్తేల యుండునో తెలియును. అడుగున నున్న లోహపు పీట ప్రాసెసరును తాకి వేడిని గ్రహించును. దానినుండి రాగి గొట్టములు పైకి లేచును. గొట్టములలో కొద్దిపాటి ద్రవము మూసి యుంచబడును. అది క్రింద వేడిచేత ఆవిరియై పైకి పోయి, అచట చల్లబడి మఱల ద్రవమై గొట్టపు లోగోడ వెంబడి క్రిందికి వచ్చును. అన్నము వండునపుడు మూతకు ఆవిరి తగిలి చుక్కలై జారుట మనము దినదినము చూచునదే. ఆ గొట్టములకు అల్యూమినియపు పలుచని రెక్కలు వరుసగా గుచ్చియుండును; ఫ్యాను వానిమధ్య గాలి తోలును. ఆ ఫ్యాను సాధారణముగా 120 మిల్లీమీటర్ల చదరము. ఫ్యాను నిలువుగా నిలుచును గనుక, దాని యెత్తునకు అడుగు పీట, గొట్టముల వంపు కలిసినచో మొత్తము 150, 160 మిల్లీమీటర్లగును. వీనిని గోపురపు కూలరు లందురు. కూలరు మాస్టర్ వారి హైపర్ 212 ఇవో యెత్తు 159. డీప్‌కూల్ వారి ఎకె400 యెత్తు 155, ఎకె620 యెత్తు 160. ఆస్ట్రియా దేశపు నాక్టువా వారి ఎన్‌హెచ్-యు12ఎస్ యెత్తు 158, వారిదే పెద్దదైన ఎన్‌హెచ్-డి15 యెత్తు 165 మిల్లీమీటర్లు. కడపటిది రెండు ఫ్యానులతో కలిసి 1,320 గ్రాములు తూగును. కిలో బియ్యపు సంచికంటె బరువు.

ఇక క్యాబినెట్టు మాట. పిల్లవాడు చేసిన పొరపాటు చాలమంది చేయునదే. వెలుపలి వెడల్పు చూచి లోపల చోటున్న దనుకొనుట. బోర్డు పెట్టె వెనుకగోడకు అంటుకొని యుండదు. గోడకును బోర్డు బిగించు ఇనుపరేకునకును నడుమ తీగలు పోవుటకు చోటు వదలుదురు. రేకుమీద చిన్న కాళ్లు, కాళ్లమీద బోర్డు, బోర్డుమీద ప్రాసెసరు. ఇవతలి ప్రక్క అద్దపు మందము. ఇన్నియు పోగా మిగిలినదే కూలరు చోటు. కోర్సేర్ వారి 4000డి అను క్యాబినెట్టు వెలుపలి వెడల్పు 230 మిల్లీమీటర్లు. లోపల కూలరునకు దొరకునది 170. అనగా 60 మిల్లీమీటర్లు దారిలోనే పోయినవి. లియన్ లీ వారి ఓ11 డైనమిక్ అనునది దానికంటె వెడల్పు, 272 మిల్లీమీటర్లు. అందు కూలరునకు దొరకునదో, 155 మాత్రమే! ఆ పెట్టెలో కరెంటు నందించు ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా బోర్డునకు వెనుకనున్న రెండవ యరలో కూర్చుండును. చూచుటకు విశాలమైన హాలు, తీరా లోపలికి బోయిన సగము వంటిల్లు. 4000డిలో నిశ్చింతగా పట్టు 165 మిల్లీమీటర్ల కూలరు, అంతకంటె వెడల్పైన ఓ11 డైనమిక్‌లో పట్టదు. వెలుపలి కొలత నెంత నమ్మవచ్చునో దీనివలన గ్రహింపవచ్చును.

కాబట్టి కొనుటకు ముందు చూడవలసిన యంకెలు రెండు. ఒకటి కూలరు వివరములలో 'హైటు' అని యుండునది; అందును ఫ్యానుతో కలిపి చెప్పిన యెత్తునే చూడవలెను. రెండవది క్యాబినెట్టు వివరములలో 'సీపీయూ కూలరు హైటు' అనియో 'క్లియరెన్సు' అనియో యుండునది. మొదటిది రెండవదానికంటె తక్కువగా నుండవలెను. రెండును సమానమైనచో? కొందఱు తెగించి కొందురు. నేనైతే అయిదు మిల్లీమీటర్లైనను ఎడముండనిదే సొమ్ము బయటికి తీయను. రేకు అణుమాత్రము వంగియుండవచ్చును, అద్దమునకు లోపల స్పాంజిముక్క యంటించి యుండవచ్చును. రవికె కుట్టువారు కుట్లలో గుడ్డ వదలుట ఎందులకో ఇదియు నందులకే.

క్యాబినెట్టు పాతదై, కాగితములు పోయి, పేరైనను తెలియనిచో ఏమి చేయవలెను? మన యిండ్లలో ఇదియే తఱచు. అప్పుడు చేత గొలువవలెను. యంత్రము నాపి, ప్లగ్గు గోడనుండి ఊడదీసి, కొంతసేపు వదలుడు. లోపల చేయి పెట్టుటకు ముందు ఒకసారి పెట్టె ఇనుపరేకును తాకుడు. ఒంటిమీది స్థిరవిద్యుత్తు దానిలోనికి బోవును. ప్రక్కపలక తీసి, తెఱచిన ప్రక్క పైకి వచ్చునట్లు పెట్టెను పరుండబెట్టుడు. ఇప్పుడు తిన్నని స్కేలు నొకదానిని, చపాతీల కఱ్ఱ కాదు సుమా, అది గుండ్రము, పెట్టె రెండంచులమీద అడ్డముగా నుంచుడు. రెండవ స్కేలును నిట్టనిలువుగా దింపి, ప్రాసెసరు ప్రక్కన ఖాళీగా నున్న బోర్డు భాగమునకు తాకించి, అడ్డస్కేలు క్రిందియంచు వఱకు ఎన్ని మిల్లీమీటర్లో చూడుడు. స్కేలు చివర సున్నకు ముందు కొంత ఖాళీ యుండును. దానిని కలుపుట మఱవరాదు. ఈ కొలతలో పాత కూలరును విప్పనక్కరలేదు.

కూలరు కూర్చుండునది బోర్డుమీద కాదు, ప్రాసెసరు నెత్తిమీద. ప్రాసెసరును దాని గూడును కలిసి బోర్డుమీదినుండి సుమారు 7, 8 మిల్లీమీటర్లు లేచియుండును. వచ్చిన యంకెలోనుండి 8 తీసివేయుడు. పలక పెట్టె యంచున కూర్చుండునదా, అంచులోపలికి దిగునదా యనియు చూడుడు. దిగునదైనచో దిగినంత తీసివేయవలెను. మిగిలినది మీ పెట్టె నిజమైన కొలత. గుడ్డ టేపు ఈ పనికి మంచిది కాదు. అది సాగును, వంగును. విధిలేక దానితోనే గొలిచినచో అంగుళమునకు 25.4 మిల్లీమీటర్ల చొప్పున గట్టుకొనవలెను. ఆఱంగుళములన్న 152 మిల్లీమీటర్లు. ఆఱున్నర యన్న 165. ఆ అరంగుళములోనే అద్దము పడుటయు పడకపోవుటయు నున్నవి.

మనసు కుదుటపడని వారికి ఇంకొక యుపాయము కలదు. కొనదలచిన కూలరు ఎత్తు, వెడల్పు, మందము కాగితముమీద వ్రాసికొని, పాత అట్టముక్కలతో అంతటి డబ్బా యొకటి చేయుడు. పాత కూలరును విప్పిననాడు దానిని ప్రాసెసరుమీద నిలిపి తలుపు మూసి చూడుడు. ఎత్తు మాత్రమే కాదు, అది దేనిమీద వ్రాలుచున్నదో, దేనికి తగులుచున్నదో కంటికే తెలియును. అట్ట చిరిగినచో నష్టము లేదు.

తగులునవి లేకపోలేదు. అన్నిటిలో ముఖ్యమైనది ర్యామ్. ప్రాసెసరు ప్రక్కనే నిలువుగా గ్రుచ్చబడు బద్దలివి. డీడీఆర్4 మాదిరి సామాన్యపు బద్ద యెత్తు 31.25 మిల్లీమీటర్లు. కాని యిప్పటి పిల్లలకు రంగురంగుల దీపములు వెలుగు ర్యామ్ కావలెను. జీ.స్కిల్ వారి ట్రైడెంట్ జెడ్ 44 మిల్లీమీటర్లెత్తు; కోర్సేర్ వారి వెంజెన్స్ ఆర్‌జీబీ ప్రో 51. పెద్ద కూలరు ముందరి ఫ్యాను సరిగా ఈ బద్దలమీదికి వచ్చును. పైన జెప్పిన ఎన్‌హెచ్-డి15 రెండు ఫ్యానులతో నున్నపుడు దాని క్రింద 32 మిల్లీమీటర్ల ర్యామ్ మాత్రమే ఇముడును. 44 మిల్లీమీటర్ల ర్యామ్ వేసినచో ఫ్యానును 12 మిల్లీమీటర్లు పైకి జరుపవలెను. అప్పుడు కూలరు ఎత్తు 165 కాదు, 177. నూటడెబ్బది చోటున్న 4000డియు నిపుడు మూతపడదు! అంకెలు రెండును సరిచూచికొని, సంతోషముతో కొని, తీరా దీపముల ర్యామ్ వలన చిక్కుకొనినవారు లేకపోలేదు. ఇట్టిచోట ముందరి ఫ్యానును తీసివేసి నడిమి ఫ్యానుతోనే నడుపుకొనుట యొక మార్గము. దీపములు లేని పొట్టి ర్యామ్ కొనుట దానికంటె చవుక మార్గము. ఈ దీపములవలన లెక్కలు వేగముగా సాగునని మాత్రము ఎవరును భ్రమపడవలదు.

క్యాబినెట్టు ప్రక్కపలకకే ఫ్యాను బిగించియున్నచో దాని మందము 25 మిల్లీమీటర్లు; అదియు చోటులోనుండి పోవును. కూలరు మఱీ వెడల్పైనది గాని, బోర్డు మఱీ చిన్నది గాని యైనచో గ్రాఫిక్స్ కార్డునకు తగులవచ్చును. బోర్డు పైమూలనుండి ప్రాసెసరునకు కరెంటు వచ్చు తీగ యొకటి కలదు. పెద్ద కూలరు కూర్చుండిన తరువాత ఆ మూలకు వ్రేళ్లు పోవు. కావున దానిని ముందే గ్రుచ్చవలెను.

ఎత్తు సరిపోయినను కాళ్లు సరిపోవని కూలరులును గలవు. కూలరును బిగించుటకు బోర్డులో నాలుగు రంధ్రములుండును. 2020లో వచ్చిన ఇంటెల్ ఎల్‌జీఏ1200 బోర్డు వఱకు ఆ రంధ్రముల నడిమి దూరము 75 మిల్లీమీటర్లు. 2021లో వచ్చిన ఎల్‌జీఏ1700లో అది 78 ఆయెను. మూడే మిల్లీమీటర్లు గాని, పాత కూలరు కాళ్లు క్రొత్త బోర్డులో దిగవు. వేఱు బిగింపు ముక్కలు కావలెను. బోర్డు పేరును కాగితముమీద వ్రాసికొని అంగడికి పోవుట ఇందులకే. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు బోయినను, చెన్నపట్టణపు రిచ్చీ వీధికి బోయినను, "మా పెట్టెలో చోటు ఇన్ని మిల్లీమీటర్లు, ర్యామ్ ఎత్తు ఇంత, బోర్డు పేరు ఇది" అని కాగితము చదివిన స్త్రీతో అమ్మువాడు మాటలాడు ధోరణియే వేఱుగా నుండును. ఇది నేను కన్నులార చూచిన సంగతి.

చోటు తక్కువైన పెట్టెలకు పొట్టి కూలరులు లేకపోలేదు. 92 మిల్లీమీటర్ల ఫ్యానుగల నాక్టువా ఎన్‌హెచ్-యు9ఎస్ యెత్తు 125. ఫ్యాను పరుండియుండు ఎన్‌హెచ్-ఎల్9ఐ యెత్తు 37 మాత్రమే. ఫ్రాక్టల్ డిజైన్ వారి నోడ్ 202 అను సన్నని పెట్టెలో కూలరు చోటు 56 మిల్లీమీటర్లే గనుక అందు ఇట్టివే దిగవలెను. అయితే పిడికెడు లోహముతో 253 వాట్ల వేడిని లాగుమనుట చిన్న గిన్నెతో పెండ్లివారికి వండుమనుట. నీటి గొట్టముల కూలరులును గలవు. వానికి ప్రాసెసరుమీది యెత్తు చిక్కులేదు గాని, పెట్టె పైకప్పునకో ముందుకో జల్లెడవంటి రేడియేటరును బిగింపవలెను. రెండు ఫ్యానుల రేడియేటరు సాధారణముగా 27, ఫ్యానులు 25, వెరసి 52 మిల్లీమీటర్ల మందము. చిక్కు చోటు మాఱినది, పోలేదు.

మా చెల్లెలి యింటి సంగతికి వత్తును. రెండవనాటి మధ్యాహ్నము భోజనములైన పిదప ముగ్గురమును ఆ పెట్టెను నేలమీద చాపవేసి పరుండబెట్టితిమి. స్కేళ్లు రెండును పిల్లవానివే. కొలిచినది మాత్రము మా చెల్లెలు. బోర్డునుండి అంచు వఱకు 158 వచ్చినది. ఎనిమిది తీయగా 150. కాగితములోని యంకెయు నదియే. "రవికె కొలతకు వీపుమీది మడత తీసివేసినట్లే గదా యిది" అని యామె తనలో తా ననుకొన్నది.

తరువాత ప్రాసెసరు పేరు విచారించితిని. అది 65 వాట్ల జాతి. దానికి నిజముగా గోపురము వంటి కూలరుతో పని లేదు. అంతకుముందు దానిమీద నుండిన చిన్న కూలరును అటకమీదినుండి దింపించితిని. దాని రెక్కల సందులలో ధూళి దూదివలె పేరుకొని, గాలి దూరు సందు లేక యున్నది! పెన్సిలు పట్టు వ్రేళ్లతో పిల్లవాడు దానిని గిల్లి చూచి తలవంచుకొనెను. కుంచెతో దులిపి దానినే పెట్టియున్నచో ఆ వేసవి గడచిపోయెడిదేమో. చెప్పలేము, కాని ఆరువేలు ఖర్చుచేయుటకు ముందు ఆరునిమిషములు దులిపి చూచుటలో నష్టమేమున్నది?

పెద్ద కూలరు వృథా కాలేదు. పిల్లవాని స్నేహితునకు వెడల్పుగల క్యాబినెట్టు కలదు. ముందుగా దాని లోపలి చోటు 165 అని కాగితములో చూపించుకొని, అతని ర్యామ్ పొట్టిదని రూఢి చేసికొని, నాలుగువేలకు ఇచ్చివేసిరి. ఆ సొమ్ములో రెండువేలకు లోపుగనే 125 మిల్లీమీటర్ల యెత్తుగల కూలరు వచ్చినది. బిగించునపుడు అడుగు పీటకు అంటించిన పలుచని ప్లాస్టిక్కు పొరను తీయమని నేనే గుర్తుచేసితిని. తీయనిచో వేడి పైకి పోదు. పాత పేస్టును శుభ్రముగా తుడిచి, బఠాణీ గింజంత క్రొత్త పేస్టు పెట్టి, నాలుగు స్క్రూలను ఒకదాని కెదురుగా నొకటి చొప్పున కొద్దికొద్దిగా త్రిప్పుమంటిని.

ఈ మాటలన్నియు ఫోనులోనే. నేను మా యూరు వచ్చివేసితిని. ఒక యాదివారము సాయంకాలము మా చెల్లెలు ఫోను చేసి, "అక్కా, అద్దము పడినది" అన్నది. యజమానిగారే బీరువా వెనుకనుండి దానిని తెచ్చి పట్టుకొనిరట. తువాలు మూడు మాసముల ధూళితో నల్లబడినది. దానిని ఉడుకునీళ్లలో నానవేసినది.